స్టెతస్కోపు చేతికి సూపరింటెండెంట్ సంతకం: వైద్యులకు నాయకత్వం ఎప్పుడు, ఎక్కడ నేర్పాలి?

సంక్షిప్తంగా: ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాలన బాధ్యత వైద్యులకు ప్రధానంగా సీనియారిటీ మీద, సర్వీసు చివరి ఏళ్లలో వస్తోంది. శిక్షణ అందితే ఆ తర్వాతే అందుతోంది. వైద్యులు నడిపే ఆసుపత్రులకు నాణ్యతలో పైచేయి ఉందని చెప్పే పరిశోధన ఉంది కానీ, వైద్య పట్టా ఒక్కటే మంచి పాలనకు పూచీ కాదని బ్రిటన్ అనుభవం తేల్చింది. శస్త్రచికిత్స లాగే నాయకత్వం కూడా పెద్దల కనుసన్నల్లో, చిన్న బాధ్యతలతో మొదలుపెట్టి చేతికి అలవాటు చేసుకోవలసిన పని. దానికి తగ్గ అధికారం, పక్కన పాలన తెలిసిన సహచరుడు లేకపోతే శిక్షణ సర్టిఫికెట్ దగ్గరే ఆగిపోతుంది.

## ఉదయం తొమ్మిదింటికి బల్ల మీద

బోధనాసుపత్రి సూపరింటెండెంట్‌గా కొత్తగా బాధ్యతలు తీసుకున్న ఒక ఎముకల వైద్య నిపుణుడిని ఊహించుకుందాం. ముప్పై ఏళ్ల సర్వీసు ఆయనది. విరిగిన తుంటికి ఏం వేయాలో ఎక్స్‌రే చూస్తూనే చెప్పగలరు. ఈ ఉదయం ఆయన ముందున్నవి మాత్రం ఎక్స్‌రేలు కావు. పారిశుద్ధ్య కాంట్రాక్టరు బిల్లు ఆగింది, కార్మికులకు రెండు నెలల జీతం అందలేదు, రేపటి నుంచి పనిలోకి రామని వాళ్లు నోటీసు ఇచ్చారు. సీటీ స్కాన్ యంత్రం నిర్వహణ ఒప్పందం గడువు ముగిసింది. సెంట్రల్ డ్రగ్ స్టోర్‌లో ఒక యాంటీబయాటిక్ నిండుకుంది. బయట కొనాలంటే ఏ పద్దు కింద, ఎంతవరకు కొనవచ్చో రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు(ఆర్ఎంవో)కూ స్పష్టత లేదు. రాత్రి అత్యవసర విభాగంలో రోగి బంధువులు ఒక జూనియర్ డాక్టరు మీద చేయి చేసుకున్నారు, జూడాలు విధులు బహిష్కరిస్తామంటున్నారు. పదకొండింటికి కలెక్టరుతో వీడియో కాన్ఫరెన్స్.

వీటిలో ఏ ఒక్కటీ ఎంబీబీఎస్‌లోగానీ, ఎంఎస్‌లోగానీ ఆయనకు ఎవరూ నేర్పలేదు. సీనియారిటీ జాబితాలో పేరు పైకి వచ్చింది కాబట్టి కుర్చీ వచ్చింది. చాలాచోట్ల అది కూడా పూర్తి స్థాయి నియామకం కాదు, ‘ఇన్‌ఛార్జి’ లేదా ‘పూర్తి అదనపు బాధ్యతలు’. ఓపీ, ఆపరేషన్లు, పీజీలకు పాఠాలు యథాతథంగా ఉంటాయి. పని మీద పట్టు చిక్కేసరికి పదవీ విరమణ తేదీ దగ్గరపడుతుంది. తర్వాత వచ్చేవారు మళ్లీ మొదటి పాఠం నుంచి మొదలుపెడతారు. ఆసుపత్రికి జ్ఞాపకశక్తి లేకుండా పోవడానికి అసలు కారణం ఇదే.

ఈ లోటు ఇప్పుడు ఎక్కువగా కనబడటానికి కారణం ఉంది. తెలంగాణలో 2022లో ఒకేరోజు 8, 2023లో ఒకేరోజు 9 ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాల కళాశాలలు తెరుచుకున్నాయి. నిన్నటిదాకా జిల్లా ఆసుపత్రిగా ఉన్నది బోధనాసుపత్రి అయింది. భవనాలకు, పడకలకు, అధ్యాపకులకు లెక్కలు వేశారు. వాటిని నడపవలసిన మనిషిని ఎలా తయారుచేయాలన్న లెక్క మాత్రం అంత వివరంగా ఎక్కడా కనబడదు.

లోటు ఖరీదు మామూలు రోజుల్లో తెలియదు, ఒత్తిడి వచ్చినప్పుడే తెలుస్తుంది. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి 11 మంది కొవిడ్ రోగులు మరణించినట్లు అధికారులు అప్పట్లో ప్రకటించారు. ట్యాంకర్ రావడం ఆలస్యమైందని చెప్పారు. తప్పు ఎవరిదన్నది వేరే చర్చ. నిల్వ ఎంత, గంటకు ఎంత ఖర్చవుతోంది, తర్వాతి ట్యాంకర్ ఏ ఊరు దాటింది, అది ఆగిపోతే రెండో దారి ఏమిటి అన్న లెక్క శ్వాసకోశ వైద్యం పుస్తకాల్లో ఉండదు. ప్రాణాలు మాత్రం ఆ లెక్క మీదే ఆధారపడ్డాయి.

## రోగిని చూసే కన్ను, ఆసుపత్రిని చూసే కన్ను

వైద్యుడి చదువంతా ఎదురుగా ఉన్న ఒక మనిషి చుట్టూ తిరుగుతుంది. నిర్ణయం వెంటనే తీసుకోవాలి, ఫలితం గంటల్లోనో రోజుల్లోనో తెలుస్తుంది, పని తన చేత్తో జరుగుతుంది. సంస్థను నడిపేవారి పని ఇందుకు దాదాపు పూర్తిగా తలకిందులు. ఫలితం నెలల తర్వాత వస్తుంది. పని ఇతరుల చేతుల మీదుగా సాగుతుంది, ఆ ఇతరుల్లో చాలామంది తన మాట వినవలసిన అవసరం లేనివారు.

ఒక ఉదాహరణ చూస్తే తేడా తెలుస్తుంది. సిజేరియన్ తర్వాత ఒక బాలింతకు కుట్లు చీము పట్టాయి. మంచి వైద్యురాలు కల్చర్ పంపి, యాంటీబయాటిక్ మార్చి, రోజూ కట్టు విప్పి చూసి ఆమెను కాపాడుతుంది. అదే వైద్యురాలు విభాగాధిపతి అయినప్పుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. ఈ నెలలో ఇలాంటివి ఎన్ని? అన్నీ ఒకే థియేటర్ నుంచి వచ్చాయా? పరికరాలను ఆవిరితో శుద్ధిచేసే ఆటోక్లేవ్ సరిగా పనిచేస్తోందని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? రాత్రి షిఫ్టులో పరికరాలు కడిగే మనిషి ఒక్కరేనా? మొదటి తరహా ప్రశ్నలకు జవాబు కేస్ షీట్‌లో ఉంటుంది. రెండో తరహా జవాబు రిజిస్టర్లలో, డ్యూటీ చార్టులో, కొన్నిసార్లు నాలుగో తరగతి ఉద్యోగి నోట ఉంటుంది. అక్కడికి వెళ్లి వెతకడం అలవాటు చేయడమే నాయకత్వ శిక్షణలో మొదటి మెట్టు.

ఇంకో చిక్కు తప్పు గురించిన దృష్టి. వైద్య విద్యలో పొరపాటు అంటే ఫలానా వ్యక్తి పొరపాటు. అందుకే కొత్తగా అధికారం వచ్చిన వైద్యుడు సహజంగానే మెమో ఇస్తారు. మెమో అందుకున్న నర్సు మరుసటిసారి పొరపాటును దాచడం నేర్చుకుంటుంది.

## అసలు వైద్యులే నడపాలా?

2011లో ఆర్థికవేత్త అమాండా గుడాల్ అమెరికాలోని పేరున్న ఆసుపత్రులను క్యాన్సర్, జీర్ణకోశ వ్యాధులు, గుండె శస్త్రచికిత్స రంగాల్లో పరిశీలించారు. వైద్యులు సీఈవోలుగా ఉన్నచోట నాణ్యత మార్కులు దాదాపు 25 శాతం ఎక్కువగా కనబడ్డాయి. వైద్యులకు నాయకత్వం అప్పగించాలని వాదించేవారంతా తరచూ ఉదహరించే అధ్యయనం ఇది. అయితే ఒక సమయంలో తీసిన ఫోటో లాంటిది అది. వైద్యుడు నడపడం వల్ల ఆసుపత్రి బాగుపడిందా, బాగున్న ఆసుపత్రులు వైద్యులను ఎంచుకున్నాయా అన్నది దానితో తేలదు.

అమెరికాలోని మేయో క్లినిక్‌ది మొదటినుంచీ వైద్యుల నాయకత్వమే. క్లీవ్‌లాండ్ క్లినిక్‌ను 1921లో నలుగురు వైద్యులు స్థాపించారు. వారిలో ముగ్గురు మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లోని సైనిక ఆసుపత్రిలో కలిసి పనిచేసి, వేర్వేరు ప్రత్యేకతల వైద్యులు ఒకే జట్టుగా పనిచేస్తే ఎంత సాధించవచ్చో చూసి వచ్చినవారు. రెండు సంస్థల్లోనూ వైద్యులు జీతం మీద పనిచేస్తారు. చేసే ఆపరేషన్ల లెక్కన ఆదాయం పెరగదు కాబట్టి పాలనకు సమయం ఇచ్చిన వైద్యుడికి నష్టం లేదు. ఇక్కడి కార్పొరేట్ ఆసుపత్రులను వాటితో పోల్చేటప్పుడు ఈ ఒక్క తేడా తరచూ మరుగున పడుతుంది.

బ్రిటన్ మరో దారిలో నడిచింది. 1983లో సెయిన్స్‌బరీస్ దుకాణాల సంస్థకు చెందిన రాయ్ గ్రిఫిత్స్ అక్కడి జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్ మీద నివేదిక ఇచ్చారు. ఫ్లారెన్స్ నైటింగేల్ ఇవాళ దీపం పట్టుకుని ఈ వరండాల్లో తిరిగితే, ఇక్కడ బాధ్యులెవరా అని వెతుక్కుంటూ ఉంటుందన్నది అందులోని వ్యాఖ్య. ఆ నివేదికతో జనరల్ మేనేజర్ల వ్యవస్థ వచ్చింది. వైద్యులు ఒక పక్క, మేనేజర్లు ఇంకో పక్క చీలిపోయారన్న విమర్శ కూడా దానితోనే మొదలైంది.

కానీ వైద్యుడే మేనేజరైతే సమస్య తీరుతుందన్న నమ్మకాన్ని బ్రిస్టల్ ఉదంతం దెబ్బతీసింది. బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో పసిపిల్లల గుండె శస్త్రచికిత్సల్లో మరణాలు ఎక్కువగా ఉన్నాయని ఆపరేషన్లకు మత్తుమందు ఇచ్చే ఒక వైద్యుడు చాలాకాలం చెబుతూ వచ్చారు. 1991-95 మధ్య అక్కడ ఏడాది లోపు పిల్లలు ఇతర కేంద్రాల సగటుతో పోలిస్తే 30 నుంచి 35 మంది ఎక్కువగా మరణించారని 2001లో విచారణ సంఘం తేల్చింది. ఆ ఆసుపత్రి ట్రస్టు ముఖ్య కార్యనిర్వాహకుడు వ్యాపార రంగం నుంచి వచ్చినవాడు కాదు. ఆయన రేడియాలజిస్టు. హెచ్చరికలు అందినా పట్టించుకోనందుకు 1998లో జనరల్ మెడికల్ కౌన్సిల్ ఆయన పేరును వైద్యుల రిజిస్టర్ నుంచి తొలగించింది. కుర్చీ ఏదైనా, రోగి పట్ల వైద్యుడి బాధ్యత వెంటే వస్తుందన్నది ఆ తీర్పులోని అసలు సంగతి. తోటి వైద్యుడి పనిని ప్రశ్నించడం వైద్యుడైన పాలకుడికే ఎక్కువ కష్టమన్న నిజం కూడా అందులో ఉంది.

## నాయకత్వం మారితే ఇన్‌ఫెక్షన్లు ఎలా తగ్గుతాయి?

నాయకత్వం అనే మాట గాలిలో తేలే మాటగా అనిపించవచ్చు. అది లెక్కకు అందిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఐసీయూ రోగుల పెద్ద రక్తనాళాల్లో పెట్టే గొట్టాల వల్ల వచ్చే ఇన్‌ఫెక్షన్లను తగ్గించడానికి మత్తుమందు వైద్య నిపుణుడు పీటర్ ప్రొనొవోస్ట్ బృందం ఒక ప్రయత్నం చేసింది. చేసిన పనులు ఐదే: చేతులు కడుక్కోవడం, గొట్టం పెట్టేటప్పుడు రోగిని పూర్తిగా శుభ్రమైన బట్టతో కప్పడం, చర్మాన్ని క్రిమినాశక ద్రావణమైన క్లోర్‌హెక్సిడిన్‌తో తుడవడం, వీలైనంతవరకు తొడ దగ్గర పెట్టకపోవడం, అవసరం తీరిన గొట్టాన్ని వెంటనే తీసేయడం. ఇవేవీ కొత్తవి కావు, హౌస్‌సర్జన్లకు కూడా తెలిసినవే.

కొత్తగా చేసింది వేరే ఉంది. ప్రతి ఐసీయూలో ఒక వైద్యుడిని, ఒక నర్సును జట్టు నాయకులుగా నియమించారు. మెట్టు తప్పితే పని ఆపించే అధికారం నర్సుకు ఇచ్చారు. ఇన్‌ఫెక్షన్ల లెక్కను క్రమం తప్పకుండా ఆ ఐసీయూకే చూపించారు. 2006లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 103 ఐసీయూల్లో ఇలాంటి ఇన్‌ఫెక్షన్ల సగటు 1000 గొట్టపు రోజులకు (ఒక రోగికి ఒక రోజు గొట్టం ఉంటే ఒక గొట్టపు రోజు) 7.7 నుంచి ఏడాదిన్నరలో 1.4కు పడిపోయింది.

దీని పక్కన మరో జంట అధ్యయనాలను పెట్టి చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన శస్త్రచికిత్స చెక్‌లిస్టును ఢిల్లీ సహా 8 నగరాల్లోని ఆసుపత్రుల్లో అమలు చేసి చూసినప్పుడు మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో వెల్లడైంది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం చెక్‌లిస్టు వాడకాన్ని తన ఆసుపత్రులన్నింటి నుంచీ కోరింది. 101 ఆసుపత్రుల వివరాలతో 2014లో వచ్చిన అధ్యయనంలో మరణాలు 0.71 శాతం నుంచి 0.65 శాతానికే తగ్గాయి, గణాంకాల ప్రకారం అది చెప్పుకోదగ్గ తేడా కాదు. కాగితం ఒకటే, ఫలితం వేరు. రెండు చోట్లా మొదటినుంచీ పరిస్థితులు వేరు కాబట్టి కారణం ఒక్కటే అనలేం. అయినా చాలామంది నిపుణులు ముందుకు తెచ్చిన వివరణ ఒకటుంది. థియేటర్‌లో పెద్ద సర్జన్ ఆగి, జట్టు మొత్తాన్ని మాట్లాడనిచ్చిన చోట చెక్‌లిస్టు పని చేస్తుంది. సర్క్యులర్ వచ్చింది కాబట్టి గళ్లలో టిక్కులు పెట్టిన చోట అది మరో కాగితంగా మిగులుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రిజిస్టర్లు ఎలా నిండుతాయో తెలిసినవారికి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

## మదురై, హైదరాబాద్ చూపినవి

వైద్యులే వ్యవస్థలను రూపొందించిన ఉదాహరణలకు దూరం వెళ్లనవసరం లేదు. ప్రభుత్వ సర్వీసు నుంచి 58వ ఏట విరమించిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ ఆసుపత్రి థియేటర్‌లో ఒక దృశ్యం దాని తత్వాన్నంతా చెబుతుంది. సర్జన్‌కు రెండు వైపులా రెండు బల్లలు ఉంటాయి. ఒక బల్ల మీద శుక్లం తీయడం పూర్తయ్యేసరికి రెండో బల్ల మీద రోగి కంటిని శుభ్రం చేసి, పరికరాలు సర్ది సిద్ధంగా ఉంచుతారు. సర్జన్ మైక్రోస్కోపుతో సహా పక్కకు తిరిగితే చాలు. ఆ సిద్ధం చేసేవారు చుట్టుపక్కల ఊళ్ల నుంచి తీసుకుని శిక్షణ ఇచ్చిన యువతులు. నిపుణుడి సమయంలో ఒక్క నిమిషం కూడా నిపుణత అక్కర్లేని పనికి పోకూడదన్న ఆలోచన అది. 1992లో ఆ సంస్థ ఈ పద్ధతులను నేర్పడానికే లైకో అనే శిక్షణ కేంద్రాన్ని పెట్టింది. వైద్యుడిని ఒంటరిగా కాక, అతనితో పనిచేసే బృందాన్ని కూడా అక్కడ కూర్చోబెట్టి నేర్పుతారు.

హైదరాబాద్‌లో 1987లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు మొదలుపెట్టిన ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థ పిరమిడ్ నమూనాను రూపొందించింది. ప్రాథమిక స్థాయిలో సుమారు 50 వేల జనాభాకు ఒక విజన్ సెంటర్, దాని పైన 5 లక్షల మందికి ఒక ద్వితీయ స్థాయి ఆసుపత్రి, ఆపైన 50 లక్షల మందికి ఒక పెద్ద కేంద్రం. కళ్లద్దాలతో సరిపోయే మనిషి బంజారాహిల్స్ దాకా రాకుండానే ఊరి దగ్గరే చూపు సరిచేసుకుంటాడు. పెద్ద సర్జన్ దగ్గరికి పెద్ద సమస్యలే వస్తాయి.

ఈ రెండింటినీ చూపి అన్నిచోట్లా ఇలాగే చేయమనడం మాత్రం తొందరపాటు. శుక్లం ఆపరేషన్ ముందుగా తేదీ వేసుకుని చేసేది, మెట్లు ఒకేలా ఉంటాయి. గాంధీ ఆసుపత్రికో, విశాఖ కేజీహెచ్‌కో అర్ధరాత్రి వచ్చే రోడ్డు ప్రమాదానికి తేదీ ఉండదు. పైగా ఆ సంస్థాపకులు తమ మనుషులను తామే ఎంచుకున్నారు. ప్రభుత్వ సూపరింటెండెంట్‌కు నియామకం, బదిలీ, యంత్రాల కొనుగోలు, మూడూ చేతిలో ఉండవు.

## సిలబస్‌లో ఉన్న నాయకుడు

2019లో చేరిన బ్యాచ్ నుంచి ఎంబీబీఎస్‌కు కొత్త పాఠ్యప్రణాళిక అమల్లోకి వచ్చింది. అందులో భారతీయ వైద్య పట్టభద్రుడికి ఐదు పాత్రలు చెప్పారు: చికిత్సకుడు, ఆరోగ్య బృందానికి నాయకుడు-సభ్యుడు, చక్కగా సంభాషించేవాడు, జీవితాంతం నేర్చుకునేవాడు, వృత్తి నిబద్ధత ఉన్నవాడు. వైఖరి, నైతికత, సంభాషణ నేర్పే ఏట్‌కామ్ పాఠాలనూ చేర్చారు. కాగితం మీద ఇది పెద్ద ముందడుగు. అయితే విద్యార్థి శ్రద్ధ ఎటు పోతుందో నిర్ణయించేది సిలబస్ కన్నా పీజీ ప్రవేశ పరీక్ష, అందులో మార్కులు బహుళైచ్ఛిక ప్రశ్నలకు. జట్టును నడిపే నేర్పు నాలుగు ఆప్షన్లలో ఇమిడేది కాదు.

మరోపక్క, ఆ నేర్పు అవసరం ఇరవయ్యేళ్ల తర్వాత కాదు, ఇంటర్న్‌షిప్ ముగిసిన మర్నాడే వస్తుంది. మైదాన ప్రాంతంలో సుమారు 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రమాణం. అక్కడ చేరే పాతికేళ్ల వైద్యురాలు తన వయసుకు సమానమైన సర్వీసు ఉన్న సూపర్‌వైజర్‌తో, ఏఎన్ఎంలతో, ఆశా కార్యకర్తలతో పని చేయించాలి. టీకాల పెట్టెలో చలి తగ్గకుండా చూడాలి, సర్పంచితో మాట్లాడాలి, నెలవారీ నివేదికలు పంపాలి. ఆమెను నాయకురాలు అని ఎవరూ పిలవరు. పని మాత్రం అదే.

ప్రజారోగ్య రంగంలో పొరుగు రాష్ట్రం తమిళనాడు భిన్నమైన దారి ఎంచుకుంది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్య చట్టం ఆంధ్ర ప్రాంతానికీ వారసత్వంగా వచ్చింది. తమిళనాడు దానితోపాటు ప్రత్యేక ప్రజారోగ్య వైద్యుల శ్రేణినీ నిలబెట్టుకుంది. అందులో పైమెట్టు ఎక్కాలంటే ప్రజారోగ్యంలో డిప్లొమా వంటి అర్హత ఉండాలి. జిల్లా ఆరోగ్య అధికారి స్థాయికి చేరేసరికి ఆ మనిషి అదే పనిలో ఏళ్లు గడిపి ఉంటాడు. రాష్ట్రాలు ఇలాంటి ప్రజారోగ్య నిర్వహణ శ్రేణిని ఏర్పాటు చేసుకోవాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం కూడా సూచించింది.

## తరగతి గది సరిపోదు

వైద్యులకు నాయకత్వ శిక్షణ కార్యక్రమాలపై వచ్చిన 45 అధ్యయనాలను 2015లో ఒక సమీక్ష పరిశీలించింది. హాజరైనవారి పరిజ్ఞానం, ఆత్మవిశ్వాసం పెరిగాయని చాలా అధ్యయనాలు చెప్పాయి. సంస్థ స్థాయిలో మేలు జరిగినట్లు నమోదు చేసినవి ఆరు మాత్రమే. మూడు రోజుల వర్క్‌షాప్, జ్ఞాపిక, గ్రూప్ ఫోటోతో ముగిసే శిక్షణల మీద ఆశలు పెట్టుకునేవారు చూడవలసిన అంకె ఇది.

శస్త్రచికిత్స ఎలా నేర్పుతారో చూస్తే మార్గం దొరుకుతుంది. పీజీ విద్యార్థి మొదట చూస్తాడు, తర్వాత సహాయం చేస్తాడు, ఆ తర్వాత పెద్దవారు ఎదురుగా ఉండగా చేస్తాడు. నాయకత్వానికీ ఇదే వరుస పనికొస్తుంది. సీనియర్ రెసిడెంట్ తన వార్డులో ఒక్క సమస్యను, ఉదాహరణకు ఆపరేషన్ల వాయిదాలను, ఆరు నెలలు లెక్కగట్టి తగ్గించి చూపాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్ మందుల కొనుగోలు కమిటీలోనో, ఇన్‌ఫెక్షన్ల నియంత్రణ కమిటీలోనో కూర్చోవాలి. అసోసియేట్ ప్రొఫెసర్ డిప్యూటీ సూపరింటెండెంట్‌గా రెండేళ్లు పనిచేయాలి. ఇంగ్లండ్ 2011లో, శిక్షణలో ఉన్న యువ వైద్యులను ఒక ఏడాది జాతీయ ఆరోగ్య సంస్థల్లోని సీనియర్ నాయకుల పక్కన ఉంచే ఫెలోషిప్ మొదలుపెట్టింది. వైద్య నాయకత్వానికి ఫ్యాకల్టీ పేరుతో ప్రత్యేక వృత్తి సంస్థ కూడా అదే ఏడాది ఏర్పడింది.

రెండో మార్గం జంట నాయకత్వం. మేయో క్లినిక్‌లో వైద్య నాయకుడి పక్కన వృత్తి నిపుణుడైన నిర్వాహకుడు ఉంటాడు. చికిత్స నాణ్యత, వైద్యుల పని ఒకరి దృష్టిలో, డబ్బు, సిబ్బంది, యంత్రాలు మరొకరి దృష్టిలో ఉంటాయి, పెద్ద నిర్ణయాలు ఇద్దరివీ. ఇక్కడ పాలనను రెవెన్యూ అధికారులకు అప్పగించాలన్న సూచన అప్పుడప్పుడు వినిపిస్తుంది, వైద్య సంఘాలు వ్యతిరేకిస్తాయి. రెండు వైపులా కొంత నిజముంది. డిప్యూటీ కలెక్టరుకు ఫైలు నడిపే నేర్పు, టెండరు నిబంధనలు తెలుసు. కుట్లు చీము పట్టడం వెనుక ఆటోక్లేవ్ ఉండవచ్చని మాత్రం ఆయనకు తట్టదు. ఆ సంగతి తట్టే వైద్యుడికి టెండరు తెలియదు. ఈ రెండింటి మధ్య వంతెన కాగలిగేవారు ఆసుపత్రి నిర్వహణ చదివినవారు. హైదరాబాద్‌లోని నిమ్స్ ఆ కోర్సు నడుపుతోంది. అంటే తయారుచేస్తున్నది ప్రభుత్వ సంస్థే. చదువు ముగించినవారికి తలుపులు తెరిచేది మాత్రం ఎక్కువగా కార్పొరేట్ ఆసుపత్రులు, ఎందుకంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారికోసం మంజూరైన పోస్టులు చాలా తక్కువ.

అధికారం సంగతి కూడా ఇక్కడే వస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ప్రభుత్వ ఆసుపత్రులకూ చికిత్సల లెక్కన డబ్బు జమ అవుతోంది. ఆసుపత్రి అభివృద్ధి సంఘాల ద్వారా కొంత ఖర్చు చేసుకునే వెసులుబాటు ఉంది. ఆడిట్ అభ్యంతరం వస్తే పింఛను ఆగుతుందన్న భయంతో ఆ డబ్బును ముట్టుకోకుండా వదిలేయడమే క్షేమమనుకునే అధికారికి ఎంత శిక్షణ ఇచ్చినా ప్రయోజనం పరిమితం. ఏ మొత్తం వరకు ఎవరి అనుమతీ లేకుండా ఖర్చు చేయవచ్చు, కనీసం ఎన్నేళ్లు ఆ కుర్చీలో ఉంటారు అన్న రెండు విషయాలు ముందే రాసిపెట్టి ఉన్నప్పుడు నేర్చుకున్నది పనిలోకి దిగుతుంది.

కొత్త కళాశాలల్లో ఇవాళ చేరుతున్న అసిస్టెంట్ ప్రొఫెసర్లలో చాలామందికి ముప్పై దాటి ఎంతోకాలం కాలేదు. ఈ ఆసుపత్రులకు 2040లో సూపరింటెండెంట్లు కాబోయేది వాళ్లలో కొందరే. మొదట చెప్పుకున్న ఎముకల వైద్యుడు నలభయ్యో ఏట రెండేళ్లు పరికరాల కమిటీ చూసి ఉంటే, సీటీ స్కాన్ ఒప్పందం గడువు ముగియడానికి మూడు నెలల ముందే ఆ ఫైలు కదిలి ఉండేది.